గరిటె ఎవరికీ ఇవ్వని మామయ్య

మా మామయ్యని గొడుగు అడగండి, ఇస్తాడు. స్కూటరు అడగండి, పెట్రోలు పోయించి మరీ ఇస్తాడు. ఒకసారి పక్కింటాయన ఇంటర్వ్యూకి వెళుతూ తన బూటు అడుగు ఊడిందని గొల్లుమంటే, మామయ్య కాళ్ళకున్న బూట్లు అక్కడికక్కడే విప్పి ఇచ్చేసి, ఆ రోజంతా షాపులో బాత్రూం చెప్పులతో నిలబడ్డాడు. అడిగితే ఏదైనా ఇచ్చే మనిషి. ఒక్క గరిటె మాత్రం అడక్కండి. పంచ్ పోసే గరిటె ఆయన చేతిలో ఉండగా దాన్ని పుచ్చుకోగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

పంచ్ సంగతి ముందు చెప్పాలి. మా అపార్టుమెంటులో పన్నెండు ఇళ్ళు. నెలకో ఆదివారం మధ్యాహ్నం అందరం మేడ మీద చేరతాం. ఎవరింట్లో వండింది వాళ్ళు పట్టుకొస్తారు. తాగడానికి మాత్రం మామయ్య చేసే పంచ్. ఎర్ర వైన్‌లో పళ్ళముక్కలు నానబెట్టి, పంచదార పాకం పోసి, సోడా కలిపే ఆ పానీయం కోసం జ్వరం వచ్చినవాళ్ళు కూడా దుప్పటి కప్పుకుని మెట్లెక్కి వస్తారు. పుట్టినరోజుకి ఊరెళ్ళాల్సిన వాళ్ళు పుట్టినరోజు మార్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

మామయ్యకి కింద వీధి మలుపులో మందుల షాపు. ముప్ఫై ఏళ్ళుగా డాక్టర్ల చేతిరాత చదివి చదివి, ఆయన దేన్నైనా కళ్ళు చికిలించి, తల పక్కకి వాల్చి చూడటానికి అలవాటుపడ్డాడు. అత్తయ్య పెట్టిన అట్టునీ అలాగే చూస్తాడు, అద్దంలో తన మొహాన్నీ అలాగే చూస్తాడు. నేను ఆయన మేనకోడల్ని. ఆయన రెండో అంతస్తులో, నేను మూడో అంతస్తులో. బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి నాకు తెలియనిది ఏమీ లేదని చాలాకాలం నమ్మాను.

మేడ మీద ఆయన పద్ధతి చూసి తీరాలి. బల్ల మీద రెండు పెద్ద గాజు జాడీలు. ఎడమదాంట్లో నారింజ ముక్కలు ఎక్కువ, కుడిదాంట్లో అనాస ముక్కలు ఎక్కువ. రెండిటి మధ్యా గరిటె పట్టుకుని మామయ్య. ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని వరసలో రావాలి. వచ్చిన మనిషి మొహంలోకి ఆయన కళ్ళు చికిలించి చూస్తాడు. అరనిమిషం ఊపిరి బిగబట్టి నుంచోవాలి.

"ఊఁ... నీకు నారింజ."

"పోయినసారీ నారింజే కదా మామయ్యా. ఈసారి అనాస పొయ్యి" అన్నాను ఒకసారి.

"నీది అనాస మొహం కాదు."

"అనాస మొహం ఎలా ఉంటుంది?"

"నీ మొహంలా ఉండదు. జరుగు, వెనక జనం ఉన్నారు."

అంతే. దానికి అప్పీలు లేదు. అర్థంకాని చీటీ చూసి సరైన మాత్ర ఇచ్చే మనిషి కాబట్టి, మొహం చూసి సరైన జాడీ చెప్పగలడని అందరం ఒప్పేసుకున్నాం.

ఒకసారి ఐదో అంతస్తు ఇంజనీరు గారు, ఆరడుగుల మనిషి, మామయ్య సోడాసీసా మూత తీస్తున్నప్పుడు చటుక్కున గరిటె అందుకోబోయారు. "నేను పోస్తాను మామయ్య గారూ, మీరు కాసేపు కూచోండి" అన్నారు పాపం, మంచికే. మామయ్య సోడాసీసా వదిలేసి రెండు చేతులతోనూ గరిటె పట్టుకున్నాడు. సోడా ఇంజనీరు గారి చొక్కా అంతా చిమ్మింది. మామయ్య ఆయనకి కొత్త చొక్కా కొనిచ్చాడు, గరిటె ఇవ్వలేదు.

"ఇంటి తాళం మర్చిపోతారు, కళ్ళజోడు మర్చిపోతారు, నన్నోసారి బస్టాండులో మర్చిపోయి వచ్చారు. గరిటె మాత్రం మర్చిపోరు" అంటుంది అత్తయ్య. ఆమె అక్కగారింటికి భోజనానికి వెళ్ళినా, అక్కడ పంచ్ చేసే పనుంటే, చేతిసంచీలో తువ్వాలు చుట్టి గరిటె తీసుకెళతాడట. వాళ్ళింట్లో గరిటెలు లేవా అని ఆవిడ అక్కగారు ఏడాదిపాటు అలిగింది.

ఇలా మొహాలు చూసి పోయగా పోయగా మా అపార్టుమెంటు రెండు పార్టీలుగా చీలిపోయింది. నారింజ వాళ్ళం, అనాస వాళ్ళు. మేం పద్నాలుగుమందిమి, వాళ్ళు ఎనిమిదిమంది. నారింజ పార్టీకి నేనే నాయకురాలిని అనుకోండి. మా జాడీలో ఘాటు ఎక్కువ అని మాకు గట్టి నమ్మకం. రెండు గ్లాసులు పడితే మొదటి అంతస్తు టైలరమ్మ నా భుజం మీద తల వాల్చి, చిన్నప్పుడు పారిపోయిన పిల్లిని తలుచుకుని ఏడ్చేది. అత్తయ్య మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి పిట్టగోడ చుట్టూ గిరగిరా తిరిగేది. నేను పాడేదాన్ని. మామూలుగా నేను పాడను, పాడకూడదని డిగ్రీలో ఉండగా స్నేహితురాళ్ళు నా చేత ఒట్టు వేయించుకున్నారు. అయినా నారింజ పడితే ఆగేదాన్ని కాదు.

అనాస వాళ్ళు మాత్రం గ్లాసు పూర్తిచేసి కుర్చీల్లో వెనక్కి వాలి, నోళ్ళు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు.

"చూడండి మీ అనాస, జోలపాటకి తప్ప పనికిరాదు" అనేది టైలరమ్మ.

"మేం హుందాగా తాగుతాం. మీలాగా వీధికెక్కం" అనేవారు ఇంజనీరు గారు, ఒక కన్ను తెరిచి.

మామయ్య ఇదంతా వింటూ గరిటె తుడుచుకునేవాడు. ఆయన నవ్వు మీసం దాటి బయటికి వచ్చేది కాదు.

మామయ్యతో నాకు గొడవైంది ఒక్క విషయంలోనే. నాలుగో అంతస్తు డ్రైవింగ్ మాస్టారు. బండి నడపడం నేర్పే బడి ఆయనది. ఒకప్పుడు ఆయన విపరీతంగా తాగేవాడు. ఆ తాగుడుకి రెండు ఉద్యోగాలు పోయాయి, ఒక చెయ్యి విరిగింది, భార్య రెండుసార్లు పుట్టింటికి వెళ్ళిపోయింది. మూడేళ్ళ క్రితం మానేశాడని విని అందరం సంతోషించాం. ఆ తర్వాత చూస్తే మేడ మీద వరసలో గ్లాసు పట్టుకుని నుంచున్నాడు. మామయ్య మొహం చూసి, "నీకు నారింజ" అని నిండా పోశాడు. రెండోసారి వస్తే రెండోసారీ పోశాడు. పక్కన ఆయన భార్య కూడా చూస్తూ ఊరుకుంది.

ఆ సాయంత్రమే నేను మామయ్యని నిలదీశాను. "మందులు అమ్ముకునే మనిషివి, నీకు ఆ మాత్రం తెలీదా? ఆయనకి పోయకపోతే ఏం?"

"పోయకపోతే ఎందుకు పోయలేదని అందరూ అడుగుతారే" అన్నాడు.

"అడిగితే అడగనీ!"

"నీకు తెలీదులే" అని గరిటె కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అందరికీ మంచివాడు అనిపించుకోవాలన్న యావ తప్ప ఆయనకి ఇంకేమీ లేదని ఆ రోజు తీర్మానించాను. మామయ్య మీద నాకు అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఇలా ఉండగా మా అపార్టుమెంటుకి కొత్త సెక్రటరీ గారు వచ్చారు. నీళ్ళ సరఫరా శాఖలో రిటైరయ్యారు. నోటీసు రాయనిదే ఆయనకి అన్నం సహించదు. లిఫ్టులో ఈల వేయరాదు అని ఒకటి. ఆరేసిన బట్టలు పొరుగువారి బట్టలను తాకరాదు అని ఒకటి. నోటీసుబోర్డు ముందు గుంపుగా నిలబడి నోటీసులు చదవరాదు అని ఇంకొకటి. ఆయన మొదటిసారి మేడ మీదికి వచ్చిన ఆదివారం మామయ్య చాలాసేపు మొహం చూసి, "మీకు నారింజ" అన్నాడు.

"నాకు అనాస కావాలి" అన్నారు సెక్రటరీ గారు.

"మీది నారింజ మొహం."

అంతే, ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి వెళ్ళిపోయారు. మర్నాడు బోర్డు మీద నోటీసు వెలిసింది. పానీయం పోయడంలో నివాసుల మధ్య భేదం చూపుతున్నారనీ, ఇకపై రెండు జాడీలనూ కలిపి ఒకే డ్రమ్ములో పోసి, డ్రమ్ముకి కుళాయి బిగించి, ఎవరికి కావలసింది వారే పట్టుకోవాలనీ దాని సారాంశం.

మీటింగు పెట్టారు. "మనిషి చేతికి పక్షపాతం ఉంటుంది. కుళాయికి ఉండదు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను తెలుసుకున్న సత్యం ఇదొక్కటే" అన్నారు సెక్రటరీ గారు.

"గరిటె లేకపోతే పంచ్ లేదు" అన్నాడు మామయ్య లేచి నిలబడి. ఆయన మీటింగులో నోరు విప్పడం అదే మొదలు. ఏమీ తేలక మీటింగు వాయిదా పడింది.

తేల్చింది నారింజ తొక్క. తర్వాతి ఆదివారానికి నాలుగు రోజుల ముందు, మామయ్య పళ్ళు రుచి చూస్తూ తొక్క నేల మీద పడేసి, దాని మీదే కాలు వేసి, వంటింటి మధ్యలో పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. సెక్రటరీ గారు పరామర్శకి వచ్చి, చాలా బాధపడి, వెళుతూ వెళుతూ బోర్డు మీద రాసి వెళ్ళారు. మామయ్య గారి మణికట్టు దృష్ట్యా ఈ ఆదివారం నుంచే కుళాయి.

మామయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు. "ఈ నెల మానేద్దాం" అన్నాడు. "మీరు మానేస్తే ఆ సెక్రటరీ బజారులో కొని తెచ్చి డ్రమ్ములో పోస్తాడట" అంది అత్తయ్య. అది విని మామయ్య మొహం పాలిపోయింది. గరిటె పోతుందని ఇంత బెంగా అని నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. కలపడానికి చెయ్యి లేదు కదా అని, ఆదివారం పొద్దున్న ఏడింటికే వాళ్ళింటికి వెళ్ళాను.

మామయ్య అత్తయ్యని కూరల బజారుకి పంపించాడు. వంటింటి తలుపు గడియపెట్టాడు.

"ఎందుకు గడియ?"

"నువ్వు తరుగు."

తరిగాను. ఆపిల్ తొక్కతోనే పలచగా. నారింజ చక్రాల్లా. అనాస గోరంత ముక్కలు. ద్రాక్షపళ్ళు ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టి రాళ్ళు చేశాడు. ఐసు వేస్తే కరిగి పంచ్ పలచబడుతుందని, దానికి బదులు ఈ ద్రాక్షరాళ్ళు. దాల్చినచెక్క కాచిన పంచదార పాకం చల్లార్చి పెట్టాడు. సోడా ఆఖరి నిమిషంలో తప్ప పోయకూడదు. కుడి జాడీలో అనాస వేసి, మూడు సీసాల వైన్ పోయించాడు. పాకం పోయించాడు. చెంచాతో రుచి చూసి తల ఊపాడు. నేను ఎడమ జాడీ దగ్గరికి జరిగి, నారింజ వేసి, చెయ్యి చాపాను.

"వైన్ సీసాలు ఇటివ్వు మామయ్యా."

"అయిపోయాయి."

"అయిపోయాయా? మరి మా నారింజకి?"

ఆయన ఒక్కొక్కటే ముందుకి జరిపాడు. నల్లద్రాక్ష రసం. దానిమ్మ రసం. అత్తయ్య ప్రతిసారీ కాచి పెట్టి, ఇంత డికాషన్ ఏం చేసుకుంటారో ఈ మనిషి అని సణుక్కునే టీ డికాషన్. చిటికెడు లవంగం పొడి. రెండు చుక్కల వెనిగర్. చెంచాడు శొంఠి.

"డికాషన్ ఒగరు కోసం. వెనిగర్ గొంతులో గీరడానికి. శొంఠి ఛాతీలో వెచ్చగా దిగడానికి" అన్నాడు, చీటీ చదువుతున్నట్టు.

నేను పీట మీద కూలబడ్డాను. "అంటే నారింజలో..."

"చుక్క లేదు. ఎప్పుడూ లేదు."

"మొన్న టైలరమ్మ మత్తెక్కి నా భుజం మీద పడి ఏడ్చింది!"

"శొంఠి."

"అత్తయ్య పిట్టగోడ చుట్టూ తిరిగింది!"

"డికాషన్. ఆవిడకి టీ పడదు, నిద్ర పట్టదు."

"మరి నేను..." నేను పీట అంచుకి జరిగాను. "నేను పాడాను కదా మామయ్యా."

"అదెందుకో నాకూ తెలీదే" అన్నాడు నిజాయితీగా.

మెల్లిగా చెప్పాడు. జనం వైన్ పడని మాత్రలు ఆయన షాపులోనే కొంటారు. డాక్టరు ముట్టొద్దన్నాడని ఆయనకే చెబుతారు. ఆదివారం వచ్చేసరికి ఒక్క గ్లాసుకి ఏమవుతుందిలే అని ఆయన ముందే వరసలో నుంచుంటారు. నాకు కామెర్లు వచ్చి తగ్గినప్పుడు ఏడాదిపాటు ముట్టొద్దన్నారు. ఆ వారమే నేను పెద్ద గ్లాసు పట్టుకుని వెళ్ళి నుంచున్నాను.

"నువ్వు వద్దనొచ్చుగా?"

"నలుగురిలో నీకొద్దు, నీకు ఫలానా జబ్బు అని చెప్పనా? మందుల షాపువాడు నోరు విప్పితే రేపు ఎవరు గడప తొక్కుతారు?"

అప్పుడు నాకు వెలిగింది. "డ్రైవింగ్ మాస్టారు?"

"ఆయనొక్కడే నన్ను అడిగినవాడు. ఆయనకీ ఆయన భార్యకీ తప్ప ఇంకెవరికీ తెలీదు, మీ అత్తయ్యకి కూడా. ఆవిడకి తెలిస్తే పక్క వీధికి తెలుస్తుంది." మామయ్య పిండికట్టు వైపు చూసుకుంటూ చెప్పాడు. మానేసిన కొత్తల్లో మాస్టారు షాపుకి వచ్చి, ఇక మేడ మీదికి రాను అన్నాడట. వస్తే తాగమంటారు, వద్దంటే ఎందుకొద్దంటారు, చెబితే ఒకప్పటి సంగతులన్నీ తవ్వుతారు, రాకపోతే నా భార్య కూడా రాదు, ఆవిడకి ఉన్న సరదా ఇదొక్కటే అన్నాడట. మామయ్య, "నువ్వు ఆదివారం రా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట.

"ఇవాళ రెండు జాడీలూ ఒక్క డ్రమ్ములో పోస్తే..." అని ఆగిపోయాడు. "అటు తాగినా తప్పే, ఇటు అందరి ముందూ వద్దన్నా తప్పే. మూడేళ్ళుగా మాట నిలబెట్టుకున్నాడే ఆ మనిషి."

మూడేళ్ళుగా ఈ మనిషిని నేను మనసులో తిట్టుకుంటున్నాను. నాకు సిగ్గేసింది. కళ్ళు కూడా చెమర్చాయి, కాని నారింజ తొక్క చిమ్మిందని చెప్పాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి మేడ మీద అందరం చేరాం. బల్ల మీద స్టీలు డ్రమ్ము తళతళలాడుతోంది, దానికో ఇత్తడి కుళాయి. సెక్రటరీ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కడుక్కుని, చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మామయ్య మెడకి వేలాడుతున్న పిండికట్టుతో ఓ పక్కన నుంచున్నాడు. ఎడంచేతిలో గరిటె అలాగే ఉంది.

సెక్రటరీ గారు అనాస జాడీ ఎత్తి డ్రమ్ములో గుమ్మరించారు. బుడబుడమని చప్పుడైంది. తర్వాత నారింజ జాడీ ఎత్తారు. వరసలో మూడోవాడు డ్రైవింగ్ మాస్టారు. గ్లాసు పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. ఆయన భార్య మెల్లిగా ఆయన చొక్కా అంచు పట్టుకుంది. నా బుర్రలో ఒక్క ఉపాయమూ లేదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"ఆగండి! మా నారింజని తీసుకెళ్ళి ఆ నిద్రమొహం అనాసలో కలుపుతారా?"

అందరూ నా వైపు తిరిగారు. జాడీ గాల్లోనే ఆగింది.

"ఏంటీ, కలపడమా?" అంది టైలరమ్మ, అప్పుడే అర్థమైనట్టు. "మా ఘాటు అంతా పోదూ?"

"మీ ఘాటా?" ఇంజనీరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన మేడ మీద గొడవకి లేవడం నేను చూసింది అదే మొదటిసారి. "మా అనాసకి ఒక మర్యాద ఉంది. అందులో ఆ నాటు సరుకు కలిపితే నేనూరుకోను!"

"నాటు సరుకు ఎవరిదండీ?" అత్తయ్య కొంగు బిగించింది. "చేసింది మా ఆయన!"

"అనాస చేసింది కూడా ఆయనేనమ్మా!"

"మరి నాటు సరుకు అని ఎలా అంటారు?"

"అందరూ సమానమే" అన్నారు సెక్రటరీ గారు జాడీ కౌగిలించుకుని.

"సమానమేమిటండీ, మేం నారింజ!" అని అరిచారు పదిమంది. "మేం అనాస!" అని అరిచారు అటునుంచి. అంతకుముందు ఏనాడూ ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు, తమని కలపకూడదన్న ఒక్క విషయంలో మాత్రం గట్టిగా కలిసిపోయాయి. సెక్రటరీ గారు చేతులెత్తి ఓటు పెడదామన్నారు. కలపకూడదంటూ అక్కడున్న చేతులన్నీ లేచాయి. సెక్రటరీ గారి భార్య చెయ్యి కూడా లేచింది.

"సరే, కలపను" అన్నారు ఆయన ఓడిపోయిన గొంతుతో, నారింజ జాడీ బల్ల మీద పెట్టేస్తూ. "అనాసకైనా కుళాయి వాడండి. ఒక్కసారి చూడండి, ఎంత సాఫీగా వస్తుందో."

ఇంజనీరు గారు గ్లాసు పట్టారు. కుళాయి తిప్పారు. మూడు చుక్కలు పడ్డాయి. నాలుగో చుక్క బదులు ఒక అనాస ముక్క కుళాయి మూతిలోకి వచ్చి, బయటికి తొంగిచూసి, అక్కడే స్థిరపడింది. సెక్రటరీ గారు తట్టారు, ఊదారు, పుల్ల పెట్టి పొడిచారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు అనాస ముక్క ముందు ఏమీ చెయ్యలేకపోయింది.

"మామయ్య గారూ," అన్నారు చివరికి, నుదురు తుడుచుకుని, "మీ గరిటె..."

"ఇవ్వను" అన్నాడు మామయ్య ఉలిక్కిపడి.

"ఇవ్వొద్దండీ. మీరే పొయ్యండి."

మేడ దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. డ్రమ్ములోది మళ్ళీ జాడీలోకి వంపాం. మామయ్య రెండు జాడీల మధ్యకి వచ్చి ఎడంచేత్తో గరిటె ఎత్తాడు. నేను ఒక్కో గ్లాసూ కదలకుండా పట్టుకున్నాను. సగం గ్లాసులో పడింది, సగం నా మోచేతుల దాకా పడింది. అయినా ఎవరి మొహమూ చూడకుండా పోయలేదు. డ్రైవింగ్ మాస్టారు వచ్చాడు. మామయ్య తల పక్కకి వాల్చి, అందరికన్నా ఎక్కువసేపు చూసి, "ఊఁ... నీకు నారింజ" అన్నాడు.

మాస్టారు ఒక గుటక వేసి, "ఈసారి ఘాటు బాగా తగిలింది మామయ్య గారూ" అన్నాడు అందరికీ వినపడేలా.

"మా మేనకోడలి చెయ్యి" అన్నాడు మామయ్య. వెనక నుంచున్న మాస్టారి భార్య నా వైపు చూసింది. తన కొంగుతో నా మోచెయ్యి తుడిచి వెళ్ళింది.

సెక్రటరీ గారికీ నారింజే పడింది. ఈసారి ఆయన కిమ్మనలేదు. ఆయన కూడా మామయ్య షాపులో ఏ రక్తపోటు మాత్రలో కొంటున్నారని ఆ పాటికి నా ఊహకి అందింది. రెండో గ్లాసు అయ్యేసరికి ఆయన తన నోటీసులన్నీ రాగం తీసి పాడటం మొదలుపెట్టారు. మూడో గ్లాసుకి నారింజ పార్టీలో చేరినట్టు ప్రకటించి, అనాస వాళ్ళు కునుకు తీయరాదు అని అక్కడికక్కడే కాగితం మీద రాసి ఇంజనీరు గారి కుర్చీకి అంటించారు. ఇంజనీరు గారు అప్పటికే గురకపెడుతున్నారు.

గెలిచిన ఉత్సాహంలో నేను లెక్కలు వేసుకున్నాను, బుద్ధి ఎక్కడికి పోతుంది? నీళ్ళ ట్యాంకు నీడలో మామయ్య కుర్చీ వేసుకుని కూచుంటే వెళ్ళి పక్కన నుంచున్నాను.

"మామయ్యా, ఒక లెక్క కుదరడం లేదు. నా కామెర్లు తగ్గి రెండేళ్ళయింది. టైలరమ్మ వేసుకున్నది పంటినొప్పి మాత్రలు, ఐదు రోజులవి, అదీ ఏడాదిన్నర కింద. మరి మేమింకా నారింజలో ఎందుకున్నాం?"

ఆయన గరిటె ఒడిలో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు చూసినా మాత్రలవాళ్ళు నలుగురైదుగురే ఉంటారే. నలుగురికి వేరే జాడీ పెడితే, ఆ నలుగురూ ఎవరా అని అందరూ చూస్తారు. సగం మేడకి పెడితే ఎవరూ చూడరు."

"అంటే మమ్మల్నందరినీ..."

"మాస్టారికి తోడు పెట్టాను" అన్నాడు. "ఒకరిద్దరైతే సరిపోరు కదా. కాస్త గోలచేసే వాళ్ళని ఏరుకున్నాను."

పార్టీకి నాయకురాలిని నేనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

"ఇప్పుడు తెలిసిపోయిందిగా, నీకు కావాలంటే అనాస పోస్తా రా" అన్నాడు మామయ్య, కుర్చీలోంచి లేవబోతూ.

అటు చూశాను. డ్రైవింగ్ మాస్టారు జనం మధ్యలో ఉన్నాడు. సెక్రటరీ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, నాకు కారు నేర్పండి, ఇప్పుడే నేర్పండి అని ప్రాణం తీస్తున్నారు. మాస్టారు ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి, గేరు ఎక్కడుంటుందో చూపిస్తున్నాడు. మాస్టారి భార్య నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"నారింజే పొయ్యి మామయ్యా. నిండా."

పోశాడు. ఈసారి సగం నా చెప్పుల మీద పడింది. గ్లాసు పట్టుకుని వెళ్ళి నారింజ వాళ్ళ మధ్య నుంచున్నాను. మాస్టారు నా గ్లాసులోని నారింజ చక్రం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. పొద్దున్న కలిపింది నేనేనని ఆయనకి తెలుసు.

"మీరే కలిపారటగా అమ్మా," అన్నాడు మెల్లిగా. "అయినా నారింజేనా?"

"ఏం చెయ్యనండీ మాస్టారూ," అన్నాను, "నాకు ఇదే ఎక్కుతుంది."

ఆయన పగలబడి నవ్వాడు. సెక్రటరీ గారు కుర్చీలోంచే హారన్ కొట్టారు.